తుంటి కీలు – ఎముక అంటు

(శతవార్షికోత్సవ కూడికలలో మార్టూరు దేవాలయమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘమువారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయము మీద మాట్లాడను అని అడిగాను. "మీకు తెలిసినదే చెప్పండి డాక్టరు గారూ, వాక్యము చెప్పడానికి వేరేవారు ఉన్నారు" అన్నారు. ఆ మాట నాకు మేలే చేసింది. నాకు తెలిసినది ఒక్క కీలు. నా ఉద్యోగమంతా మనిషి తుంటి చుట్టూనే తిరిగింది. దానితోపాటు ఎముకకు ఎముకను అంటు కట్టే పని కొంత చేశాను, దానిని గురించి కొంత చదివాను. ఆ రెండింటిని గురించే చెబుతాను. ఈ పందిట్లో కుర్చీల మీద ఉన్నవారికంటె చాపల మీద ఉన్నవారే ఎక్కువ. మరీ పొడిగిస్తే మీ తుంట్లే నా మీద ఫిర్యాదు చేస్తాయి గనుక క్లుప్తంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1962లో, మిరపకాయల రోజులలో, మా నాయనమ్మ కళ్లములో పడిపోయింది. పెద్దగా ఏమీ కాదు. ఆరబోసిన కాయలమీద కప్పిన పట్టా అంచు కాలికి తగిలి పక్కకు ఒరిగింది. అంతే, మళ్లీ లేవలేదు. నలుగురు మనుషులు నులక మంచము మీద ఇంటికి మోసుకొచ్చారు. నాకప్పుడు పదకొండేళ్లు. ఆమె కుడికాలు ఎడమకాలి కంటె పొట్టిగా కనిపించడము, పాదము బయటికి తిరిగిపోయి మంచపు పట్టెను ఆనుకొని ఉండడము నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది. ఆ రెండు గుర్తులు చూస్తే ఎముకల డాక్టరుకు ఎక్స్‌రే అవసరము లేదు. తొడ ఎముక మెడ దగ్గర విరిగినదని గుమ్మములో నిలబడే చెప్పగలడు. ఆనాడు మా ఇంట్లో అది ఎవరికీ తెలియదు. కట్టు కట్టే ఆయనను పిలిపించారు. ఆయన వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, గుడ్డపీలికలతో మోకాలినుంచి నడుముదాకా బిగించి, నలభై రోజులు కదలవద్దన్నాడు. గుంటూరు తీసుకుపోదామని మా నాన్న ఒక్కమాట అన్నాడు. పెద్దలు, "పెద్దప్రాణము, ఇంకెన్నాళ్లు ఉంటుంది, దారిలో బాధపెట్టడమెందుకు" అన్నారు. ఆ మాటలో ప్రేమే ఉన్నది, నిర్దయ లేదు. కాని ఆ మాటే ఆమెకు శిక్ష అయింది.

నాలుగు నెలలు ఉన్నది. సాయంత్రాలు విసనకర్రతో విసరడము నా పని. వీపున పడక పుండ్లు పడ్డాయి. తరువాత రొమ్ము పట్టేసింది. చివరి రోజులలో ఒకసారి, "ఒరే అబ్బాయీ, నన్ను ఒక్కసారి కూర్చోబెట్టరా, గోడ చూడాలి" అన్నది. ఎప్పుడూ పైకప్పే చూస్తూ పడుకున్నది గదా. నాకు బలము చాలలేదు. ముసలితనము వలన పోయిందని ఊరంతా అన్నారు. ముసలితనము వలన పోలేదు. విరిగిన ఎముక వలన కూడా పోలేదు. పడుకోబెట్టడము వలన పోయింది. ఈ సంగతి నాకు వైద్యకళాశాలకు పోయిన తరువాత తెలిసింది. ఇంకొక సంగతి కూడా అక్కడే తెలిసింది. విరిగిన తొడ మెడకు లోపల మేకు దిగగొట్టి నిలబెట్టే పద్ధతి అప్పటికే ముప్ఫై ఏళ్లుగా ప్రపంచములో ఉన్నది. అమెరికాలో స్మిత్ పీటర్సన్ అనే ఆయన దానిని 1931లోనే ప్రచురించాడు. శాస్త్రము లేక పోలేదు మా నాయనమ్మ. మేము మంచము దింపక పోయింది.

తుంటి కీలు అంటే ఏమిటో రెండు మాటలు. కటి ఎముకలో ఒక గిన్నె ఉన్నది. తొడ ఎముక పైకొసన ఒక బంతి ఉన్నది. బంతి గిన్నెలో తిరుగుతుంది. బంతికి, తొడకు మధ్య సన్నని మెడ. మనము నడిచేటప్పుడు ప్రతి అడుగుకు ఒకే కాలిమీద నిలుస్తాము గనుక, కండరముల లాగుడు కూడా కలిసి, ఆ కీలు మీద మన బరువుకు రెండున్నర మూడింతల భారము పడుతుంది. ఇక ఆ బంతికి రక్తము ఎక్కడినుంచి వస్తుంది? చాలాభాగము కిందినుంచి మెడను పట్టుకొని పైకి పాకి వస్తుంది. సాగరు కాలువ చివరి భూముల రైతులు ఇక్కడ చాలామంది ఉన్నారు, వారికి నేను వివరించనక్కరలేదు. మధ్యలో గండి పడితే చివరి మడికి నీరు లేదు. మెడ విరిగితే బంతికి రక్తము లేదు. అందుకే చెయ్యి విరిగితే అతికినంత తేలికగా ఇది అతకదు. కట్టు ఎంత బిగించినా ప్రయోజనము లేదు. చేతికట్టు పనిచేసే విరుగుళ్లు వేరే ఉన్నాయి, వాటి మీద నాకు తగాదా లేదు. తుంటి మాత్రము కట్టుకు లొంగేది కాదు.

చిన్న వయసువారిలో అయితే ఎముకను సరిచేసి, మరలు బిగించి, బంతిని బతికించడానికి ప్రయత్నిస్తాము. పెద్దవారిలో ఆ బంతిని తీసివేసి లోహపు బంతి పెడతాము. దక్షిణ కరోలినాలో ఆస్టిన్ మూర్ అనే సర్జను, బోల్‌మన్ అనే ఆయనతో కలిసి, 1940లో గడ్డ వచ్చిన ఒక రోగి తొడ పైభాగము తీసి లోహముతో చేసినది పెట్టాడు. తరువాత 1950లలో మూర్ చేసిన బంతి లోకమంతా పాకింది. మన రాష్ట్రపు సర్కారు ఆసుపత్రులలో చాలా ఏళ్లు పేదవాడికి దొరికిన తుంటి అదే. నా చేతులతో వేసిన వాటిలో పెద్దభాగము ఆస్టిన్ మూరే. గొప్ప వస్తువేమీ కాదు. కొన్నాళ్లకు కొందరికి వదులై తొడలో నొప్పి పెడుతుంది. కాని ముసలమ్మను మూడోరోజున కూర్చోబెడుతుంది. గోడ చూపిస్తుంది.

మా నాయనమ్మ పోయిన అదే 1962లో, నవంబరు నెలలో, ఇంగ్లండులో ఒక పని జరిగింది. నూలు మిల్లులకు పేరుపడిన లాంకషైరు ప్రాంతములో, రైటింగ్టన్ అనేచోట ఒక పాత క్షయరోగుల ఆసుపత్రి ఉన్నది. అక్కడ జాన్ చార్న్‌లీ అనే సర్జను ఒక ప్లాస్టిక్కు గిన్నెను, ఉక్కు బంతిని కలిపి మనిషిలో అమర్చాడు. ఈనాడు లోకములో జరిగే తుంటి మార్పిడి అంతా ఆ పని సంతానమే. నేను ఇంగ్లండులో ఉన్నప్పుడు, 1983లో, ఆ ఆసుపత్రి చూడడానికి వెళ్లాను. చార్న్‌లీ అంతకు ముందు సంవత్సరమే చనిపోయారు. ఆయనను చూడలేకపోయాను గాని ఆయన చేసిన తప్పులను గురించి అక్కడివారు దాచకుండా చెప్పుకునే తీరు చూశాను. నాకు పట్టుబడిన పాఠము అదే.

ఆయన ఈ పనిలోకి దిగింది ఒక కీచుశబ్దము వలన. ఫ్రాన్సులో జూడే సోదరులు చేసిన ప్లాస్టిక్కు బంతి పెట్టించుకున్న ఒక రోగి, భోజనాల బల్లదగ్గర ఉప్పు అందుకోవడానికి వంగితే తుంటి కీచుమని అరిచేదట. ఆ శబ్దము భరించలేక భార్య గదిలోనుంచి లేచి పోయేదట. అందరూ నవ్వి ఊరుకున్నారు. చార్న్‌లీ మాత్రము, కీచుమంటున్నదంటే రాపిడి ఉన్నదన్నమాట, రాపిడి ఉంటే అది ఊడివస్తుంది గదా అని ఆలోచించాడు. బండి ఇరుసుకు కందెన వేసే ప్రతి రైతుకూ ఇది తెలిసినదే. రాపిడి తగ్గాలని బంతిని చిన్నది చేశాడు. గిన్నెకు టెఫ్లాను అనే జారుడు ప్లాస్టిక్కు వాడాడు. దంతవైద్యులు వాడే సిమెంటుతో రెండింటినీ ఎముకకు పట్టించాడు. 1958 మొదలుకొని సుమారు 300 మందికి చేశాడు. ఏళ్లతరబడి మంచాన ఉన్నవారు లేచి నడిచారు. ఆసుపత్రి అంతా పండుగ.

రెండు మూడేళ్లలో ఆ పండుగ ముగిసింది. టెఫ్లాను అరిగిపోయింది. అరిగిన పొడికి చుట్టూ గడ్డలు కట్టి ఎముక తినివేయబడింది. చార్న్‌లీ ఏమి చేశాడు? ఆ రోగులను తిరిగి పిలిచి, తాను పెట్టినవాటిని తన చేతులతోనే తీసివేశాడు. ఆ టెఫ్లాను ముక్కలను తన తొడలోనే పెట్టించుకొని ఒంట్లో అది ఏమి చేస్తుందో చూసుకున్నాడు. అక్కడ గడ్డ కట్టింది. ఇంతలో ఒక అమ్మకందారు మరొక రకము ప్లాస్టిక్కు తెచ్చాడు. మగ్గాల పళ్లచక్రాలకు వాడే గట్టి పాలిథీను అది. చార్న్‌లీ దానిని గోటితో గీకి చూసి, పనికిరాదని వెళ్లిపోయాడు. ప్రయోగశాలలో పనిచేసే హారీ క్రేవెన్ అనే టెక్నీషియను మాత్రము, దొరగారు ఊళ్లో లేనప్పుడు దానిని యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాను ఒక్కరోజులో అరిగినంత కూడా అది అరగలేదు. తిరిగివచ్చిన చార్న్‌లీ యంత్రము ముందు నిలబడి చూశాడు, తన మాట వెనక్కు తీసుకున్నాడు. ఈ భాగము నాకు మొత్తము కథలో బాగా ఇష్టము. మా వృత్తిలో పెద్దడాక్టరు చెప్పిన తరువాత కాంపౌండరు మళ్లీ పరీక్షించి చూడడము అరుదు. పెద్దడాక్టరు ఒప్పుకోవడము మరీ అరుదు.

ఈసారి ఆయన తొందరపడలేదు. దానినీ తన తొడలో పెట్టించుకున్నాడు. తనవద్ద నేర్చుకొననివారికి ఆ తుంటిని అమ్మనివ్వలేదు. చనిపోయిన తరువాత తుంటిని ఆసుపత్రికి తిరిగి ఇవ్వడానికి రోగులనుంచి ఒప్పుదల తీసుకునేవాడు, అరుగుదల కొలవడానికి. ఆపరేషను గదిలో గాలిని వడకట్టించి, చీము పట్టడము నూటికి ఏడెనిమిది నుంచి ఒకటికి లోపల దాకా తగ్గించాడు. 1974లో లాస్కర్ బహుమానము, 1977లో సర్ బిరుదు వచ్చాయి.

ఇది విని వచ్చినవాణ్ణి గనుక నా తప్పు ఒకటి మీ ముందు చెప్పకపోతే న్యాయము కాదు. 1979లో, నేను చిన్న డాక్టరుగా పనిచేస్తున్నచోట, జిన్నింగు మిల్లులో పనిచేసే ఒక యువకుడు వచ్చాడు. బెల్టు లాగి తొడ విరిగింది. ప్లేటు వేశాను. అతకలేదు. మధ్యలో కొద్దిగా చీము కారి మానింది. పిల్లలుగలవాడు, రోజుకూలి, తొందరగా పంపించాలని, చీము పూర్తిగా ఆరిందో లేదో సరిగా చూడకుండా, అతని నడుము ఎముక అంచునుంచి ముక్కలు తీసి అంటు కట్టాను. మూడు వారాలలో అంతా చీమై బయటికి వచ్చింది. కాలు దక్కింది గాని రెండంగుళాలు పొట్టి అయింది. విరుగు అతకలేదు. మిల్లు పని పోయింది. అతను బస్టాండు దగ్గర ఒక టీకొట్టులో గ్లాసులు కడుగుతూ కూర్చునేవాడు. నేను చాలాకాలము ఆ దారిన పోలేదు, చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ఇంగ్లండునుంచి వచ్చిన తరువాత, 1984లో, అతని దగ్గరకు వెళ్లి, మళ్లీ చేస్తానన్నాను. గ్లాసు తుడుస్తూనే, "ఈసారి తొందరపడొద్దు డాక్టరు గారూ" అన్నాడు. అంతే. చచ్చిన ఎముక తీసివేసి, చీము ఆరేదాకా ఒక సంవత్సరము ఆగి, అప్పుడు అంటు కట్టాను. అతికింది. పొట్టి మాత్రము పోలేదు. చెప్పుకు కింద మందము వేసుకొని నడిచేవాడు.

ఎముకకు అంటు కట్టడమనగానే మీకు మామిడి అంటు గుర్తుకు వస్తుంది. మొదట నేనూ అలాగే అనుకున్నాను. కాని ఆ పోలిక మధ్యలోనే తెగిపోతుంది. మామిడి అంటులో తెచ్చిపెట్టిన కొమ్మ బతికి కాయలు కాస్తుంది. ఎముక అంటులో పెట్టిన ముక్క చాలాభాగము చనిపోతుంది. చనిపోయి పందిరి అవుతుంది. చుట్టూ ఉన్న బతికిన ఎముకలోనుంచి సన్నని రక్తనాళములు బీరతీగవలె దాని మీదికి పాకుతాయి. ఆ తీగ వెంబడి వచ్చిన కణములు పాతదానిని కొంచెము కొంచెముగా తినివేసి, ఆ చోట కొత్త ఎముక కడతాయి. ఏడాది రెండేళ్లకు చూస్తే పందిరి ఉండదు, తీగే స్తంభమై నిలబడి ఉంటుంది. చీములో వేసిన పందిరికి తీగ రాదు. నా తప్పు అక్కడే.

ఈ విద్యకు చరిత్ర తమాషాగా ఉంటుంది. హాలండులో వాన్ మీకెరెన్ అనే సర్జను పుస్తకము 1668లో అచ్చయింది. రష్యాలో కత్తిదెబ్బకు పుర్రె పగిలిన ఒక యోధునికి అక్కడి వైద్యుడు కుక్కపుర్రె ముక్క పెట్టి మాన్పాడని, ఉత్తరము ద్వారా విన్న కథగా అందులో ఉన్నది. సంగతి తెలిసి అక్కడి సంఘము వారు అతనిని వెలివేశారట. మనిషి ఒంట్లో కుక్క ఎముకా అని. తీసివేస్తేగాని చేర్చుకోమన్నారు. అతను వైద్యుని వద్దకు పోయి తీయమన్నాడు. అప్పటికే అది అతికిపోయి తీయడానికి వీలుపడలేదు. ఇది నిజముగా జరిగినదో, నోటికథయో. సంఘమువారి సభలో సంఘము మీదనే కథ చెబుతున్నాడని అనుకోకండి. దీనిని నాకు మొదట చెప్పినది ఒక మిషను ఆసుపత్రి నర్సమ్మగారే.

రూఢిగా జరిగినది గ్లాస్గోలో. 1880 ప్రాంతములో విలియం మెక్‌యువన్ వద్దకు మూడు నాలుగేళ్ల పిల్లవాణ్ణి తెచ్చారు. చీము పట్టి భుజము కింది ఎముక చాలావరకు పోయింది. చెయ్యి తోలుసంచివలె వేలాడుతున్నది. అదే ఆసుపత్రిలో ఎముకల మెత్తదనము వలన కాళ్లు వంకరపోయిన పిల్లలకు ఆపరేషన్లు చేసి, సరిచేయడానికి ముక్కలు కోసి పారవేస్తున్నారు. మెక్‌యువన్ ఆ పారవేసే ముక్కలను తెచ్చి ఈ పిల్లవాని చేతిలో వరుసగా పేర్చాడు. అవి కలిసి ఎముక అయ్యాయి. ఆ బిడ్డ పెద్దవాడై ఆ చేతితో పని చేసుకొని బతికాడు. ఎవరి కాళ్లలోనో వంకరగా ఉన్నది ఇతని చేతిలో నిటారుగా నిలిచింది.

చార్న్‌లీ కూడా, తుంటి జోలికి రాకముందు, రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన కొత్తలో, ఎముక అంటులో పైపొర అవసరమా కాదా అని తెలుసుకోవడానికి తన మోకాలి కింది ఎముకలోనుంచి ముక్క తీయించి మళ్లీ పెట్టించుకున్నాడు. దానికి చీము పట్టింది. ఆపరేషను బల్లమీద ఎక్కవలసి వచ్చింది. ఇలాంటి పనులు మీరు చేయమని నేను చెప్పను. నేనూ చేయలేదు.

పందిరి సంగతి సరే, తీగను రమ్మని పిలిచేదెవరు? ఇది చాలాకాలము ఎవరికీ అంతుపట్టలేదు. 1965లో అమెరికాలో మార్షల్ యురిస్టు ఒక చిత్రము చూపించాడు. కోడికాలి ఎముకను వినెగరులో నాలుగు రోజులు ఉంచితే సున్నము కరిగి రబ్బరువలె వంగుతుంది. పిల్లలు ఇంట్లో చేసి చూడవచ్చు. అలాగే ఆమ్లముతో సున్నము తీసిన ఎముకను ఆయన జంతువుల కండరములో పెట్టాడు. ఎముకకు సంబంధమే లేని ఆ చోట కొత్త ఎముక పుట్టింది. అయితే ఆ సున్నము లేని ముక్కలో ఏదో పిలుపు ఉన్నదన్నమాట.

ఆ పిలుపును వెదికినవారిలో ఒకరి పేరు నేను మొదటిసారి పత్రికలో చూసినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఎ. హరి రెడ్డి. పేరు మనదే గదా. ఢిల్లీ విశ్వవిద్యాలయములో పరిశోధన చేసి అమెరికా వెళ్లినవారు. ఆయన సర్జను కాదు, కత్తి పట్టలేదు. నోబెల్ బహుమానము పొందిన చార్లెస్ హగ్గిన్స్‌తో కలిసి చికాగోలో పనిచేస్తూ, సున్నము తీసిన ఎముకపొడిని ఎలుక చర్మము కింద పెడితే ఏ రోజున ఏమి జరుగుతుందో 1972లో వరుసగా చెప్పారు. మొదట కణములు చేరుతాయి. వారము తిరిగేసరికి మృదులాస్థి పుడుతుంది. పది పన్నెండు రోజులకు ఎముక, మూడు వారాలకు దానిలో మూలుగ. అమ్మ కడుపులో బిడ్డకు ఎముక పుట్టే వరుస ఏదో, అదే వరుస. తరువాత కూబర్ సంపత్‌తో కలిసి 1981లో ఆ పొడిని రెండుగా విడదీశారు. కరిగేది ఒకటి, కరగనిది ఒకటి. వేరువేరుగా పెడితే రెండూ మొద్దులే. కలిపితే మళ్లీ ఎముక పుట్టింది. పందిరి, పిలుపు – రెండూ ఉండాలి. 1983లో ఇంకొక మెట్టు ఎక్కారు. మనిషి, కోతి, ఎద్దు, ఎలుక – ఈ నాలుగింటి ఎముకలలోని పిలుపును తీసి ఎలుక పందిరి మీద పెడితే అన్నీ పనిచేశాయి. ఎద్దు ఎముక పిలిచినా ఎలుక ఒళ్లు పలికింది.

ఈ శతాబ్దము ఆరంభములో ఆ పిలుపు మందుగా కూడా వచ్చింది. ఖరీదు ఎక్కువ. అమెరికాలో వెన్నెముక ఆపరేషన్లలో విరివిగా వాడి, చెడుఫలితాలు తక్కువచేసి రాశారని 2011లో అక్కడే పెద్ద గొడవ జరిగింది. నేను మాత్రము ఇప్పటికీ నడుము ఎముక అంచునే నమ్ముతాను. మీరు మొలతాడు కట్టుకునే చోట చేతికి తగిలే అంచు అది. సొంత పొలములోని విత్తనము.

మన ప్రాంతపు తుంటికి మన ప్రాంతపు చిక్కులు ఉన్నాయి. ఇంగ్లండు ముసలమ్మ కుర్చీలో కూర్చుంటుంది. మన ముసలమ్మ మిరపకాయ తొడిమ తీయాలన్నా, పొయ్యి ఊదాలన్నా, దొడ్డికి పోవాలన్నా గొంతుకు కూర్చోవాలి. కొత్త తుంటితో గొంతుకు కూర్చుంటే, ముఖ్యముగా మొదటి నెలలలో, బంతి గిన్నెలోనుంచి జారవచ్చు. నడక సంగతి తరువాత, "పీట మీద కూర్చోవచ్చా నాయనా" అన్నదే ప్రతి ఒక్కరి మొదటి ప్రశ్న. కూర్చోవద్దంటే కొందరు ఆపరేషనే వద్దని లేచిపోయినవారున్నారు. నేను మొదట్లో వారిని మూర్ఖులనుకున్నాను. ఇంటిలో ఎత్తుపీట, ఎత్తు దొడ్డి లేనివారికి నేను ఇస్తున్నది సగము తుంటే అని తరువాత అర్థమయింది. అప్పటినుంచి ఆపరేషను చీటీతోపాటు వడ్రంగికి కొలతల చీటీ కూడా రాసి ఇచ్చేవాణ్ణి. మరి దేవాలయములో మోకరించవచ్చా అని అడిగిన పెద్దలు ఎందరో. నడుము నిటారుగా ఉంచి మోకరిస్తే తుంటికి భయము లేదు. లేచేటప్పుడు మాత్రము బెంచీ పట్టుకోండి.

పడమటికి పోతే నీటి సమస్య. పొదిలి, దర్శి, కనిగిరి వైపు, అప్పటి నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరైడు ఎముకలను ఏమి చేస్తుందో షార్టు మొదలైన వైద్యులు 1937లో రాశారు. మన దేశములో ఆ జబ్బును మొదట గుర్తించినది అక్కడే. దుక్కిటెద్దులు నడవలేకపోవడము రైతులే ముందు చూశారని చెబుతారు. ఆ ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, రాయివలె దిట్టముగా కనిపిస్తుంది. చూసి బలమైనదనుకుంటే మోసపోతాము. బరమా దిగదు, దిగితే పెళుసుగా పగులుతుంది. మన మార్టూరు గ్రానైటు పనివారు ఉలి విరిగిన రోజున పడే చిరాకు నాకు బాగా తెలుసు.

ఇక యువకులకు ఒక మాట. ముప్ఫై ఏళ్లకే బంతి ఎండిపోయి వచ్చేవారు ఉన్నారు. తాగుడు ఒక కారణము. ఒళ్లు నొప్పులకు, దగ్గుకు చీటీ లేకుండా నెలల తరబడి వాడే స్టెరాయిడు మాత్రలు మరొక కారణము. 2021లో కోవిడు తరువాత ఇటువంటివారిని ఎక్కువగా చూశాము. ప్రాణము కాపాడింది ఆ మందే, కాదనను. కాని జబ్బు తగ్గిన తరువాత కూడా పాత చీటీ చూపించి కొనుక్కున్నవారు ఉన్నారు.

మీ ఇంట్లో పెద్దవారు పడి, కాలు పొట్టి అయి, పాదము బయటికి తిరిగితే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. రెండు రోజులలోపల ఆపరేషను జరగడము మంచిదని లోకమంతటి అనుభవము. అన్నీ సరిగా జరిగినా నలుగురైదుగురిలో ఒకరు ఏడాదిలోపల పోతారు, నేను అబద్ధము చెప్పను. పడుకోబెడితే అంతకంటె చాలా ఎక్కువమంది పోతారు, నరకము అనుభవించి పోతారు. 1962లో గుంటూరు దూరము. హైదరాబాదులో ఇప్పటి నిమ్సు అప్పటికింకా లేదు, అది 1964లో ఎముకల ఆసుపత్రిగానే మొదలయింది. ఇప్పుడు మన రోడ్డు మీద నిలబడితే ఏదో ఒక బండి ఆగుతుంది. "పెద్దప్రాణము" అన్నమాట మాత్రము ఇంకా ఇళ్లలో వినబడుతూనే ఉన్నది. పోయిన సంవత్సరము కూడా విన్నాను.

చివరిగా ఒక సంగతి చెప్పి కూర్చుంటాను. తుంటి మార్చినప్పుడు తీసివేసిన బంతిని మనము పారవేస్తాము. దానిని పరీక్షలు చేసి, గట్టిగా గడ్డకట్టించి దాచితే, ఎముక అరిగిపోయిన మరొకరి గిన్నెలో పొడిచేసి కూరవచ్చు. హాలండులో స్లూఫ్, ఇంగ్లండులో ఎక్సెటరు సర్జన్లు ఈ పనిని బాగా సాగించారు. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో ఇలాంటి కణజాలపు బ్యాంకు పెట్టారు. మేమూ చిన్నగా ఒక ఫ్రీజరుతో మొదలుపెట్టాము. ఇచ్చేవారు కాగితము మీద సంతకము చేయాలి. మన చుట్టుపక్కల ఊరి రైతు, డెబ్బై దాటినాయన, తుంటి మార్పిడికి వచ్చాడు. కాగితమంతా చదివించుకొని, కొంచెముసేపు ఆగి, "నా ఎముక ఎవరికి పెడతారు? ఏ కులమోళ్లకు?" అని అడిగాడు. కోపముతో అడగలేదు. గిత్తను అమ్మేటప్పుడు ఎవరింటికి పోతున్నదని అడిగినట్టు అడిగాడు. నేను ఆయనను ఫ్రీజరు దగ్గరకు చక్రాల కుర్చీలో తీసుకుపోయి మూత తెరిచి చూపించాను. డబ్బాల మీద నంబర్లు, తేదీలు. అంతే. "పేర్లు లేవే" అన్నాడు. లేవన్నాను. "మరి నాకే ఎప్పుడైనా అవసరమైతే?" అన్నాడు. వీటిలోనుంచే తీసి పెడతామన్నాను. చాలాసేపు ఆ నంబర్లే చూస్తూ కూర్చున్నాడు. తరువాత సంతకము చేశాడు.

రెండేళ్ల తరువాత చూపించుకోవడానికి వచ్చాడు. చేతికర్ర కూడా లేదు. పని అయిపోయినా బయటికి పోలేదు. "నా ఎముక ఎవరికన్నా పెట్టారా?" అన్నాడు. చెప్పకూడదన్నాను. "పేరొద్దులెండి, ఆడా మగా?" అన్నాడు. ఆడమనిషే, నడుస్తున్నదని చెప్పాను.

"కళ్లానికి పోతున్నదా?" అన్నాడు.

పోతున్నదన్నాను.